తిలాపాపం - తలా పిడికెడు

హైదరాబాదు చూడవచ్చిన విదేశీయుడు చార్మినారు చూస్తాడు, గోలకొండ చూస్తాడు, సాలార్‌జంగు మ్యూజియంలో గడియారం గంట కొట్టేవరకు నిలబడి చూస్తాడు. మూసీకి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్‌కు చేరువనే ఉన్న బేగంబజారును మాత్రం సాధారణంగా చూడడు. అయినా టోకు బజారు ఏదో ఒక రూపాన అతని చేతికి తగులుతూనే ఉంటుంది. హోటలువారు వడ్డించిన పాయసంలో బాదంపప్పు, జీడిపప్పు ఉంటాయి. బిర్యానీలో ఏలకులు, లవంగాలు ఉంటాయి. వంటశాలలో పాత్రలుంటాయి. ఇంటికి కొనిపోవడానికి అతడు ఎంచుకొన్న గాజులు, పూసలు, పెట్టెలు ఉంటాయి. వీటిలో ఎన్నో వస్తువులు బేగంబజారువంటి వీధులలో గోనెలలో దిగి, అట్టపెట్టెలలో ఎక్కి, హమాలీల తలలమీదుగా నగరానికి పంపిణీ అయ్యేవే. యాత్రికునికి నగరం ముఖద్వారం చార్మినారయితే, ఇటువంటి టోకు బజార్లు దాని పెరటి గుమ్మం.

రెండవ అసఫ్‌జా అయిన నిజాము అలీఖాను భార్య హుమ్దా బేగం ఈ నేలను వర్తకులకు దానం చేసినదని, ఆమె మూలంగానే బజారుకు ఈ పేరు వచ్చినదని చెబుతారు. గోసాయీలు, మార్వాడీలు, గుజరాతీలు ఇక్కడ షావుకారు వ్యాపారం సాగించారు. సంస్థానాధికారులకే అప్పులిచ్చారు. ఆనాటి షావుకారు వ్రాసిన హుండీ దూరపు పట్టణంలో చెల్లేది. దానిమీద రొక్కం ఇచ్చేవాడు హుండీ తెచ్చినవాని ముఖం ఎరుగకపోయినా, వ్రాసినవాని మాట ఎరిగినవాడు. నమ్మకాన్ని ఊరినుండి ఊరికి, చేతినుండి చేతికి చెడకుండా నడిపించిన వర్తకం అది. అందుచేతనే బేగంబజారును నిలిపి ఒక ప్రశ్న అడగడం న్యాయంగా ఉంటుంది. మాటను అంతదూరం పంపగలిగిన బజారు, సరుకుతోపాటు దానిని చేసిన చేతుల సమాచారాన్ని ఎందుకు పంపలేకపోతున్నది?

ఈ ప్రశ్న ఒక్క బేగంబజారుది కాదు. అంతర్జాతీయ పర్యాటకమంతా ఒక సరఫరా పరంపర. ఎక్కడో పరదేశంలో టికెట్టు అమ్మిన ఏజెంటుతో అది మొదలవుతుంది. విమానం, హోటలు, కారు, దారి చూపే గైడు, చిల్లర అంగడి, టోకు వర్తకుడు, సరుకు కూర్చే దళారి, కార్ఖానా మేస్త్రీ, చివరకు నేలమీద చతికిలబడి పనిచేసే కూలివాడు అందులో వరుసగా నిలబడి ఉన్నారు. యాత్రికుడు ఇచ్చిన పైకం మీదినుండి క్రిందికి దిగుతుంది. సరుకు క్రిందినుండి మీదికి ఎక్కుతుంది. ఈ రాకపోకలలో పైకానికి లెక్క ఉన్నది, సరుకుకు లెక్క ఉన్నది. ధర్మానికి మాత్రం ఎవరి చిట్టాలోనూ పద్దు లేదు.

అలాగని ప్రపంచం నీతిని గురించి మాట్లాడకుండా ఊరుకోలేదు. 1999లో చిలీ రాజధాని శాంటియాగోలో ప్రపంచ పర్యాటక సంస్థ పది అధికరణాల నీతి నియమావళిని ఆమోదించినది. 2001లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ దానిని గుర్తించినది. మనుష్యులను, విశేషించి పిల్లలను, ఏ రూపంలో పీడించినా అది పర్యాటకం మౌలిక లక్ష్యానికే విరుద్ధమని ఆ నియమావళి చెబుతున్నది. సంప్రదాయ హస్తకళలు నశించక వర్ధిల్లేటట్లు యాత్రలు సాగవలెనని, ఈ రంగంలోని శ్రామికుల హక్కులను కాపాడవలెనని కూడా చెబుతున్నది. 2019లో దీనిని అంతర్జాతీయ ఒడంబడిక రూపంలో కూడా ఆమోదించారు. భారత ప్రభుత్వ పర్యాటక శాఖ 2010లో సురక్షితమైన, గౌరవప్రదమైన పర్యాటకానికి ఒక ప్రవర్తనా నియమావళి ప్రకటించినది. పత్రాలకు లోటు లేదు. కాని ఈ పత్రాలు పెద్ద హోటళ్ళ గోడలమీదను, విమాన సంస్థల కార్యాలయాలలోను కనబడినంతగా, గోనెసంచి దిగే సందులో కనబడవు. గొలుసు మీది కొనను పట్టుకొన్న నీతి క్రింది కొనకు చేరేసరికి సడలిపోతున్నది.

సడలిపోవడమంటే ఏమిటో 2015 జనవరిలో హైదరాబాదు కళ్ళారా చూచినది. పాతబస్తీలోని భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు ఇల్లిల్లూ గాలించి గాజుల తయారీ గదులలో పనిచేస్తున్న రెండువందలమందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహారునుండి వచ్చినవారు. లక్కగాజు తయారీ చూచినవారికి ఆ పని ఎటువంటిదో తెలుసును. లక్కను నిప్పులమీద మెత్తబరచి, సాగదీసి, వలయంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయిని, ఒక్కొక్క అద్దపు తునకను వ్రేళ్ళతో అతుకవలె. చిన్న వ్రేళ్ళకు నేర్పు ఎక్కువని చెప్పే మాటలో ఉన్న క్రూరత్వం చెప్పేవానికి తట్టదు. వ్రేళ్ళు చిన్నవైనది వయస్సు చిన్నదైనందువల్లనే గదా!

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయవలె. హైదరాబాదు లక్కగాజు ఒక గొప్ప కళ. తరతరాలుగా ఎన్నో కుటుంబాల పెద్దలు, స్త్రీలు పురుషులు, ఈ విద్యను కాపాడుతూ వచ్చారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో వ్రేలాడే ప్రతి గాజునూ అనుమానించడం ఆ కళాకారులకు చేసే ద్రోహమే అవుతుంది. కాని అనుమానానికి చోటు కల్పించినది ఎవరు? పెద్దవాడు న్యాయమైన కూలికి చేసిన గాజు, చీకటిగదిలో పిల్లవాడు చేసిన గాజు, రెండూ ఒకే అట్టపెట్టెలో కూర్చుంటే వాటిని విడదీసే గుర్తు గాజుమీద ఉండదు. బిల్లులోనూ ఉండదు. 2017లో వస్తుసేవల పన్ను వచ్చిన తరువాత బిల్లులో సరుకు సంకేతం, పన్ను శాతం, అమ్మినవాని నమోదు సంఖ్య అన్నీ చేరాయి. చేసినవాని వయస్సుకు, కూలికి అందులో చోటు లేదు. భౌగోళిక గుర్తింపు సైతం వస్తువు ఏ ఊరిదో చెబుతుంది గాని, ఏ పరిస్థితిలో పుట్టినదో చెప్పదు. ఈ మౌనంవల్ల మొదట నష్టపోయేది నిజాయితీగల కళాకారుడే. పిల్లల చాకిరీతో దిగిన ధరతో అతడు పోటీ పడవలసివస్తున్నది.

ఇట్టి సరుకు చేతులు మారే తీరు చూస్తే పెద్దల సామెత గుర్తుకు రాకమానదు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. యాత్రికుణ్ణి అడిగితే అంగడివాడు చెప్పిన ధరకు కొన్నానంటాడు. గైడు, తాను అంగడి చూపించి కమీషను తీసుకొన్నానే గాని సరుకు సంగతి తనకేమి తెలుసునంటాడు. చిల్లర అంగడివాడు టోకు వర్తకుణ్ణి చూపుతాడు. టోకు వర్తకుడు దళారిని చూపుతాడు. దళారి మేస్త్రీని చూపుతాడు. మేస్త్రీ, తాను పిల్లవాని తండ్రికి బయానా ఇచ్చి తెచ్చుకొన్నానంటాడు. తండ్రి తన దారిద్ర్యాన్ని చూపుతాడు. ఎవరి పిడికిలి విప్పినా అందులో ఉన్నది కొన్ని నువ్వుగింజలే. మొత్తం రాశి ఎంతో తూచవలసిన బాధ్యత ఎవరిదీ కాలేదు. విడివిడిగా చూస్తే ఒక్కడూ దుర్మార్గుడుగా కనిపించకుండానే ఒక దుర్మార్గం సాగిపోవడానికి ఇంతకన్న అనువైన ఏర్పాటు మరొకటి ఉండదు.

వస్తువుల విషయంలోనే గాక మనుష్యుల విషయంలోనూ ఈ పరంపర ఇలాగే నడిచిన సందర్భాలున్నాయి. 1991 ఆగస్టులో హైదరాబాదునుండి ఢిల్లీకి పోయే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో పదేళ్ళ బాలిక ఒకతె ఏడుస్తూ కూర్చున్నది. ప్రక్కన అరవై ఏళ్ళ విదేశీయుడు. వివాహమన్న పేరుతో ఆ పిల్లను అతడు తన దేశానికి కొనిపోతున్నాడు. అప్పటికి ఆ ప్రయాణం ఎన్ని చేతులు దాటినదో చూడండి. సంబంధం కుదిర్చినవారున్నారు, కాగితాలు వ్రాసినవారున్నారు, టికెట్టు ఇచ్చినవారున్నారు, విమానాశ్రయంలో తనిఖీ చేసినవారున్నారు. ఎవరి పని వారు సక్రమంగా చేశారు. విమానంలో పరిచారికగా ఉన్న అమృతా అహ్లువాలియా మాత్రం ఆ పిల్ల దగ్గరకు పోయి ఎందుకు ఏడుస్తున్నావని అడిగినది. విన్నది. విని ఊరుకోక పైవారికి తెలియజేసినది. ఢిల్లీలో ఆ మనిషిని అరెస్టు చేశారు. పరిచారికకు ఆ ప్రశ్న అడిగే అధికారం ఎవరూ ప్రత్యేకంగా ఇవ్వలేదు. భోజనం పళ్ళెం అందించి వెళ్ళిపోయినా ఆమెను తప్పుపట్టేవారు లేరు. పరంపరలో ఒక్క చేయి, పట్టుకొన్నదేమిటని చూచుకొన్నందువల్ల ఒక జీవితం నిలబడినది.

ఆ సంఘటన దేశాన్ని కదిలించినది గాని, ఆ వ్యాపారాన్ని అంతం చేయలేదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఇటువంటి వివాహాల వ్యవహారంలోనే ఒమాన్, కతార్ దేశస్థులను కొందరిని అరెస్టు చేశారు. వారితోపాటు పట్టుబడినవారిలో దళారులు, ఖాజీలే గాక లాడ్జీల యజమానులు కూడా ఉన్నారు. ఈ చివరి మాట గమనింపదగినది. గది అద్దెకిచ్చినవాడు గదికే బాధ్యుడు, గదిలో జరిగినదానికి కాదు అన్న పాత వాదాన్ని ఆనాడు పోలీసులు అంగీకరించలేదు. గది విషయంలో ఒప్పుకొన్న ఈ న్యాయం గాజు విషయంలో ఎందుకు వర్తించకూడదు?

వర్తకులు దీనికి చెప్పే సమాధానాలు కొన్ని ఉన్నవి. అవి తోసిపుచ్చదగినవి కావు. మొదటిది, వర్తకుడు పోలీసు కాడని. నిజమే. కాని బేగంబజారు వర్తకుడు అన్నీ అడిగి తెలుసుకొనేవాడే. మిరియాలలో బొప్పాయి గింజలు కలిసినవేమోనని గుప్పిట పట్టి చూస్తాడు. ఇత్తడి పాత్రను మీటి మ్రోత వింటాడు. ఆహార పదార్థపు పొట్లంమీద లైసెన్సు సంఖ్య ఉండవలెనన్న చట్టం వచ్చినప్పుడు వర్తకం స్తంభించిపోలేదు. బంగారు నగమీద ఆరక్షరాల గుర్తింపు సంఖ్య లేనిదే అమ్మరాదన్న నియమం 2023 ఏప్రిలునుండి అమలులోకి వచ్చినది. ఆ సంఖ్యను బట్టి నగ ఎక్కడ పరీక్షింపబడినదో తెలుసుకోవచ్చును. సరుకు శుద్ధి అడిగే నోటికి పని శుద్ధి అడగడం కష్టం కాబోదు.

రెండవది, పిల్లలను మానిపిస్తే ధర పెరుగుతుందని. కొంత పెరుగవచ్చును. కాని వేల రూపాయలు విమానానికి, హోటలుకు వెచ్చించివచ్చిన యాత్రికుడు గాజుల జతమీద కొద్దిపాటి హెచ్చును భరించలేడనడం నమ్మదగినది కాదు. ధర పెరిగితే కొనరన్న భయం ఒక్క వర్తకుడే న్యాయానికి నిలబడినప్పుడు కలిగే భయం. బజారంతా ఒక మాటమీద నిలబడితే ఆ భయానికి బలం తగ్గుతుంది. ఇందుకు నిదర్శనం తివాచీల వర్తకంలో ఉన్నది. ఉత్తరదేశపు మగ్గాలమీద పిల్లల చాకిరీని చూచి, కైలాస్ సత్యార్థి చొరవతో 1994లో రగ్‌మార్క్ అనే ముద్ర ఏర్పడినది. ఒప్పుకొన్న మగ్గాలను చెప్పకుండా వెళ్ళి తనిఖీ చేస్తారు. పిల్లలు లేరని తేలితేనే తివాచీకి సంఖ్య గల ముద్ర వేస్తారు. విదేశాలలో కొనుగోలుదారులు ఆ ముద్రను అడగడం నేర్చుకొన్నారు. గుడ్‌వీవ్ అన్న పేరుతో ఆ కృషి నేటికీ సాగుతున్నది. తివాచీకి సాధ్యమైనది గాజుకు అసాధ్యం కానేరదు.

మూడవది, పేదరికం. పిల్లవాడు పనిచేయకపోతే ఇల్లు గడవదన్న మాట. ఈ మాటకు సమాధానం తెలుగుదేశంలోనే లభించినది. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో ఏర్పడిన ఫౌండేషను, శాంతా సిన్హా నాయకత్వాన, 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో పిల్లలను పనినుండి బడికి మళ్ళించే కృషి సాగించినది. బడిలో లేని ప్రతి పిల్లవాడూ పనిలో ఉన్నట్లే లెక్క అన్నది వారి సూత్రం. పేదవారైన తల్లిదండ్రులు సైతం, బడి తమ పిల్లలను నిజంగా చేర్చుకొంటుందన్న నమ్మకం కలిగితే, త్యాగానికి వెనుదీయరని వారి అనుభవం చూపినది. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం లభించినది. పిల్లవాడు పనిచేసేచోట పెద్దవానికి పని దొరకదు, దొరికినా కూలి దిగుతుంది. కనుక బాలల చాకిరీ పేదరికానికి మందు కాదు, ఆ రోగాన్ని తరువాతి తరానికి అంటించే మార్గం.

ఇక బజారు చేయదగిన పనులేమిటి? పెద్ద ఆర్భాటాలు అక్కరలేదు. గాజులు కొనే ప్రతి టోకు వర్తకుడూ తన మేస్త్రీనుండి కార్ఖానా ఉన్న చోటు, పనివారి వివరం వ్రాయించి తీసుకొనవచ్చును. వర్తక సంఘం తరపున ఏడాదికి కొన్నిమార్లు చెప్పకుండా వెళ్ళి చూడవచ్చును. అంతకన్న ముఖ్యమైనది ధర, గడువు. పెళ్ళిళ్ళకు, రంజానుకు పదిరోజుల ముందు ఆర్డరు ఇచ్చి, సరుకు రేపే కావాలని, ధర నిరుటిదేనని, డబ్బు మూడు నెలల తరువాత అని చెప్పే వర్తకుడు, ఆ షరతులకు పెద్దవాని కూలి గిట్టదన్న సంగతి ఎరుగనివాడు కాడు. షరతులలోనే పిల్లల చాకిరీ ఇమిడి ఉంటే, దానిని తెచ్చినవాడు మేస్త్రీ ఒక్కడే అనడం చెల్లదు. ఆ ఆరా తన వీధిలోనే మొదలుకావడం మరింత మేలు. బేగంబజారు సందులలో తలకు మించిన బరువు మోస్తున్న హమాలీకి ఎంత దక్కుతున్నదో, గోదాములో టీ గ్లాసులు తిప్పే కుర్రవాని వయస్సెంతో అక్కడే నిలబడి చూచుకోవచ్చును.

కొనేవాని బాధ్యత కూడా తక్కువది కాదు. చేసినవాడు ఎదుట ఉన్నప్పుడు కొనేవాని కన్ను మారుతుంది. భూదాన్ పోచంపల్లిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినది. అక్కడికి పోయినవారు నూలుకు ముడులు వేసి అద్దకం చేసే చేతులను, మగ్గంమీద వంగిన నడుమును చూచి చీర కొంటారు. గ్రామం నడిబొడ్డున సాగే పనికి దాపరికం తక్కువ. నగరంలోని వస్తువుకు ఆ అదృష్టం లేదు. కొనేవానికి, చేసేవానికి నడుమ ఆరేడు చేతులున్నవి. అందుచేత ఆ ఆరేడు చేతులే కిటికీలు కావలె.

ఈ విషయంలో పాఠశాలలకు సంబంధం ఏమిటని ఉపాధ్యాయులు అడగవచ్చును. విహారయాత్రలకు చార్మినారు వద్ద దిగే విద్యార్థుల బస్సులు కూడా పర్యాటకంలో భాగమే. అమ్మకు గాజులు, చెల్లెలికి పూసలు కొనే ఆ బాలురు, బాలికలు కూడా ఈ పరంపరలో ఒక చేయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరునుండి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ బడిని హక్కుగా చేసినది. 2016 నాటి సవరణ పద్నాలుగేళ్ళు నిండనివారిని ఏ పనిలోనూ పెట్టరాదన్నది, పద్దెనిమిదేళ్ళలోపువారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదన్నది. కాని బడివేళలు ముగిసిన తరువాతను, సెలవులలోను కుటుంబ వృత్తిలో ప్రమాదం లేని పనికి తోడ్పడవచ్చునని ఒక వెసులుబాటు కూడా ఇచ్చినది. ఆ వెసులుబాటు చాటున ఏ మేస్త్రీ అయినా పరాయి పిల్లవానిని మేనల్లుడని చెప్పుకొనవచ్చును. అధికారి దానిని కనిపెట్టలేకపోవచ్చును. తరగతిలో కునికిపాట్లు పడే పిల్లవానిని, వ్రేళ్ళు కాలిన పిల్లను, వారంలో మూడురోజులు రాని పేరును కనిపెట్టగలవాడు ఉపాధ్యాయుడు. అతని చేతిలోని హాజరుపట్టీ ఏ అంతర్జాతీయ నియమావళికీ తీసిపోని సాధనం. ఏ బడి హాజరుపట్టీలోనూ పేరులేక, పరాయి రాష్ట్రంనుండి వచ్చి మూసిన తలుపుల వెనుక కూర్చున్న పిల్లవాని కోసం 1098 అన్న సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యను విద్యార్థులకు ఎక్కాలతోపాటు నేర్పవచ్చును.

విహారయాత్రకు పోయిన విద్యార్థి గాజుల అంగడిలో బేరం ఆడేముందు, ఇవి ఎక్కడ చేశారు, ఎవరు చేశారు అని మర్యాదగా అడగవలె. ఒకరు అడిగితే అంగడివాడు నవ్వి ఊరుకొంటాడు. నలుగురు అడిగితే ఏదో చెబుతాడు. రోజూ అడుగుతుంటే అతడు టోకు వర్తకుణ్ణి అడుగుతాడు. బేగంబజారు గుమాస్తా మేస్త్రీని అడుగుతాడు. ప్రశ్న కూడా సరుకువలెనే చేతులు మారగలదు. అది పైనుండి క్రిందికి దిగి, చివరి గది తలుపు తట్టేవరకు నడవవలసి ఉన్నది. ఆ నడకకు కావలసిన దారులన్నీ బేగంబజారు వర్తకులు రెండువందల ఏళ్ళనాడే వేసి పెట్టారు. ఆ దారివెంట నమ్మకం నడిచినది, రొక్కం నడిచినది, సరుకు నడుస్తున్నది. బాధ్యత నడవడమే మిగిలి ఉన్నది.